ముప్పేట కార్డు

ఫ్రేముల దుకాణం అక్కకూ, దానికి ఎదురుగా ఉన్న జిరాక్సు దుకాణం చెల్లెలికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఆ వీధిలోకి కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకు కూడా నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు. ఒకే దుప్పటి లాక్కుంటూ పెరిగినవాళ్ళు. ఇప్పుడు అక్క షట్టరు ఎత్తే వేళకు చెల్లెలు గుమ్మంలో కనబడితే, ఎత్తిన షట్టరు మళ్ళీ దించేసి, ఆవిడ లోపలికి పోయాకే ఎత్తుతుంది. చెల్లెలు మాత్రం తక్కువ తిందా? ఫ్రేము కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు పొరపాటున ఆవిడను దారి అడిగితే, ఎదురుగా అంతెత్తున బోర్డు కనబడుతుండగానే, "అలాంటి షాపు ఈ వీధిలో లేదండీ" అని చెప్పి పంపేస్తుంది.

దీనికంతటికీ మూలం నాన్న. మంచివాడే. మంచివాళ్ళు పెట్టిన మంటలు ఒక పట్టాన ఆరవు.

నాన్నది బస్సుల డిపోలో టిక్కెట్లు ఇచ్చే ఉద్యోగం. జన్మంతా ఊళ్ళ పేర్లు పలుకుతూ టిక్కెట్లు చింపి ఇచ్చాడే గాని తాను ఏ బస్సూ ఎక్కి ఎరగడు. ఎక్కితే కడుపులో తిప్పేది. అందుకని చూడదగ్గ చోట్లన్నిటినీ టపాలో ఇంటికే రప్పించుకున్నాడు. జలపాతం పక్కనో, కొండ మీదో, సరస్సు ఒడ్డునో ఉండే పోస్టాఫీసుల్లో మామూలు ముద్రతో పాటు ఆ చోటి బొమ్మ ఉన్న ముద్ర ఒకటి ఉంటుంది. అడిగినవాళ్ళకే వేస్తారు. స్వయంగా వెళ్ళలేనివాళ్ళు కార్డు పంపి అడగవచ్చు. నాన్న అడిగేవాడు.

ఆ అడగడానికి ఆయన పద్ధతి ఆయనకుంది. ముందు జలపాతం ఫోటో ఉన్న కార్డు సంపాదించాలి. తరవాత అదే జలపాతం ఉన్న స్టాంపు వెతికి, కార్డుకు బొమ్మ వైపునే, మూల మీద అంటించాలి. తిరుగు కవరు జతచేసి, ఎంతో వినయంగా ఒక ఉత్తరం రాసి, ఆ జలపాతం పోస్టాఫీసుకే పంపాలి. అక్కడి పోస్టుమాస్టరు బొమ్మముద్రను సగం స్టాంపు మీద, సగం కార్డు మీద పడేటట్టు కొట్టి వెనక్కి పంపాలి. కార్డూ, స్టాంపూ, ముద్రా మూడూ ఒకే చోటివి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. దాన్ని నాన్న ముప్పేట కార్డు అనేవాడు. "ఒక్క పేట తెగినా అది చిత్తుకాగితమే" అనేవాడు. ఇంత బతుకులో ఆయన గొంతు పెంచి మాట్లాడింది ఈ ఒక్క విషయంలోనే.

పన్నెండు చోట్ల స్టాంపులు ఒక వరుసగా వచ్చాయి. పదకొండు ముప్పేటలు నాన్నకు కుదిరాయి. పన్నెండోది సముద్రం ఒడ్డున దీపస్తంభం. ఒకసారి పంపితే ముద్ర అలికిన నేలలా వచ్చింది. రెండోసారి పంపితే కార్డు వెళ్ళింది వెళ్ళినట్టే పోయింది, తిరిగి రాలేదు. ఇంట్లో దీపస్తంభం కార్డు ఒక్కటి మిగిలింది, స్టాంపు ఒక్కటి మిగిలింది. అవి మళ్ళీ అచ్చు కాలేదు. ఈలోగా నాన్న మంచాన పడ్డాడు.

ఊళ్ళో స్టాంపులూ కార్డులూ పోగుచేసేవాళ్ళ సంఘం ఒకటుంది. దానికి ఒక హాలు, ఆ హాలుకు ఒక గోడ. వరుస పూర్తిచేసినవాళ్ళ ఫ్రేమును, కింద పేరు రాసి, ఆ గోడ మీద పెడతారు. ఒక్క ఖాళీ ఉన్నా గోడెక్కనివ్వరు. నాన్న ప్రతి ఆదివారం వెళ్ళి ఆ గోడను చూసి వచ్చేవాడు. పెద్ద ఆశలు పెట్టుకోని మనిషికి ఉన్న ఆశ అదొక్కటే. అక్కకు అది తెలుసు. అందుకే పన్నెండు కిటికీలు కోసిన అట్టతో, మంచి టేకు పట్టీతో ఫ్రేము చేసి సిద్ధంగా పెట్టింది. పదకొండు కిటికీల్లో కార్డులు, పన్నెండోది వట్టిది.

ఆఖరి రోజుల్లో నాన్న ఒక తెలివైన పని చేశాడు. మిగిలిన కార్డుల పెట్టె అక్క చేతిలో పెట్టాడు. స్టాంపుల పుస్తకం చెల్లెలి చేతిలో పెట్టాడు. "ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళకి సాగకూడదు. అప్పుడే కలిసి ఉంటారు" అన్నాడు. రెండు పిల్లుల తోకలు కలిపి ముడేస్తే స్నేహం కుదురుతుందని అనుకున్నాడు పాపం. ఆయన పోయాక ఫ్రేము ఎవరింట్లో ఉండాలని మొదలైంది.

"నాన్నకి తినిపించింది నేను, కడిగింది నేను. ఫ్రేము నా దగ్గరే ఉంటుంది" అంది అక్క.

"తినిపించింది నువ్వే. పిలిచింది మాత్రం నన్ను" అంది చెల్లెలు.

ఆ మాట నిజం. అదే అక్క గుండెలో ముల్లులా దిగబడిపోయింది. దుప్పటి మార్చి, ఒళ్ళు తుడిచి, నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తుంటే, నాన్న గుమ్మం వైపు చూసి, "చిన్నది వచ్చిందా?" అని అడిగేవాడు. రోజూ అడిగేవాడు. చిన్నది దుకాణం కట్టేసి తీరిగ్గా వచ్చి, మంచం పక్కన కూర్చుని నాలుగు జోకులు వేసి పోయేది. నాన్న నవ్వేవాడు. అంత సేవ చేసిన అక్కకు ఆయన నవ్వు ఒక్కసారీ దక్కలేదు. అప్పటి నుంచి మాటలు లేవు.

ఇలా ఉండగా సంఘం కార్యదర్శి ఫ్రేముల దుకాణానికి వచ్చాడు. ఆయన్ని అందరూ పట్టకారు అంటారు. స్టాంపులు పట్టుకునే చిన్న పట్టకారు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. భోజనంలో వెంట్రుక వచ్చినా దాంతోనే తీస్తాడని చెప్పుకుంటారు.

"దీపస్తంభం పోస్టాఫీసు మూసేస్తున్నారమ్మా. ఈ నెలాఖరుకి ఆఖరు. తరవాత ఆ ముద్ర ఎవరికీ దొరకదు" అన్నాడు.

అక్క చేతిలో గాజు కోసే వజ్రపు పెన్ను ఆగిపోయింది. గాజు మీద గీత వంకర పోయింది.

"కార్డు నా దగ్గరుంది" అంది.

"స్టాంపు?"

అక్క ఎదురు దుకాణం వైపు చూడను కూడా లేదు. "దాని దగ్గర ఉంటే ఏం, లేకపోతే ఏం. ఈపాటికి లామినేషన్ చేసేసి ఉంటుంది" అంది.

పట్టకారు వదల్లేదు. ఇద్దర్నీ సంఘం హాలుకు రప్పించాడు. బల్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, మధ్యలో ఆయన. ఎదురెదురుగా కూర్చుని కూడా ఆయన ద్వారానే మాట్లాడుకున్నారు.

"కార్డు ఇస్తాను. కానీ తిరుగు కవరు మీద నా అడ్రసు ఉండాలని ఆవిడకి చెప్పండి" అంది అక్క.

"స్టాంపు లేనిదే కార్డు దేనికి పనికొస్తుందో ఆవిణ్ణే అడగండి. అడ్రసు నాది ఉండాలి" అంది చెల్లెలు.

"నాన్న కార్డు దాని చేతికిస్తే ప్లాస్టిక్ వేసి తాళం గుత్తికి తగిలిస్తుంది."

"ఆవిడ చేతికిస్తే మేకు కొడుతుంది. గోడ కనబడితే చాలు, ఆవిడకి చెయ్యి ఊరుకోదు."

"అమ్మా, నాకు మెడ నొప్పి పుడుతోంది, అటూ ఇటూ తిరిగి తిరిగి" అన్నాడు పట్టకారు. "అడ్రసు మీ ఇద్దరిదీ వద్దు. సంఘానిది రాద్దాం. కార్డు ఇక్కడికే వస్తుంది. వచ్చిన రోజునే మీ ఇద్దరి ఎదురుగా ఫ్రేములో పెట్టి, ఫ్రేము గోడ మీద పెడతాను. ఎవరింటికీ వెళ్ళదు. కింద నాన్నగారి పేరు ఒక్కటే ఉంటుంది."

అంతకన్నా న్యాయం ఎవరు చెప్పగలరు? ఇద్దరికీ నచ్చలేదు. అంటే సరైన న్యాయమే అన్నమాట. ఇద్దరూ మూతులు ముడుచుకుని సరేనన్నారు.

అక్క కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నీలం సముద్రం, తెల్లటి స్తంభం, దాని మెడ చుట్టూ ఎర్ర పట్టీ. చెల్లెలు పుస్తకం తెరిచి స్టాంపు చూపించింది. లామినేషన్ చెయ్యలేదు. మచ్చ లేదు, ముడత లేదు, అంచు పళ్ళు ఒక్కటీ విరగలేదు. అంత బాగా దాచినందుకు అక్కకు ఇంకా ఒళ్ళు మండింది. పట్టకారు దాన్ని ఎత్తి, వెనక తడి చేసి, కార్డు మూల మీద అంటించి, పైన కాగితం వేసి అరచేత్తో నొక్కాడు. నాన్న లాగే నొక్కాడు. ఇద్దరికీ ఆ చెయ్యి నాన్న చెయ్యిలాగే కనిపించింది. ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే. వాళ్ళ కళ్ళ ముందే కవరు అతికించి, ఆ సాయంత్రమే టపాలో వేశాడు.

ఆ కథ అక్కడితో సుఖాంతం కావాలి. అయితే అక్క మనసుకు సుఖం పడదు.

రెండు రోజుల తరవాత ఆవిడ ఒక అద్దం తుడుస్తూ తలెత్తి చూసింది. ఎదురుగా జిరాక్సు దుకాణంలో పట్టకారు బల్ల మీద మోచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. చెల్లెలు ఏదో అంటోంది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. సంఘం కాగితాల కట్ట ఆవిడ చేతిలోంచి తీసుకుని, జేబులో చెయ్యి పెట్టబోతే ఆవిడ వద్దంది. ఆయన పళ్ళన్నీ కనబడేలా నవ్వి వెళ్ళిపోయాడు.

"చూశారా? చూశారా మీరు?" అని అక్క లోపల అట్టలు కోస్తున్న భర్తను కేకేసింది. "ఊరికే జిరాక్సులు తీసి పెడుతోంది! కార్డు రాగానే దాని చేతిలో పెట్టేస్తాడు. ఆ నవ్వుతోనే నాన్నని పడేసింది, ఇప్పుడు ఈయన్ని పడేస్తోంది."

"మొన్న నువ్వు ఆయన కళ్ళజోడు పెట్టె మూత ఊరికే బాగుచేసి ఇవ్వలేదూ?" అన్నాడు భర్త.

"అది వేరు."

"వేరే. నువ్వు చేస్తే సాయం, ఆవిడ చేస్తే లంచం."

"మీరు అట్ట కొయ్యండి ముందు" అంది అక్క.

ఆవిడకు అన్నం సయించలేదు. పోయిన మనిషిని ఎలాగూ చెల్లెలు తీసేసుకుంది. ఆయన ఆఖరి కోరిక కూడా చెల్లెలి చేతుల మీదుగా తీరిందంటే ఇక తాను ఏ మొహంతో ఆ మంచం దగ్గర రోజులు గడిపినట్టు? ఈ కార్డు ఒక్కటి తన చేతికి రావాలి. తన చేత్తో ఫ్రేములో పెట్టాలి. గోడ ఎక్కించినా తానే ఎక్కించాలి. అంతకు తగ్గి ఒప్పుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

కూర్చుని దీపస్తంభం పోస్టుమాస్టరుకు ఉత్తరం రాసింది. నాన్న రాసినట్టే వినయంగా మొదలుపెట్టింది గాని రెండో వాక్యానికే నిజ స్వరూపం బయటపడింది. "సంఘం పేరుతో మీకు వచ్చిన దీపస్తంభం కార్డు నా సొంతం. మా నాన్నగారు స్వయంగా నా చేతికిచ్చినది. దాని మీద వేరెవరికీ హక్కు లేదు. కార్డును దయచేసి కింది అడ్రసుకే పంపగలరు. ఎవరేం చెప్పినా నమ్మకండి" అని రాసి, తన అడ్రసు రాసిన కవరు పెట్టి, ఎవరికీ చెప్పకుండా డబ్బాలో వేసి వచ్చింది. వస్తూ వస్తూ చెల్లెలి దుకాణం ముందు నుంచే, తల ఎత్తుకుని నడిచింది.

ఆ తరవాత ఎదురుచూపు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే మేకు వదిలి వేలు మీద సుత్తి వేసుకునేంత ఎదురుచూపు. నెల మారింది. దీపస్తంభం పోస్టాఫీసు మూతపడిపోయిందని పేపర్లో ఓ మూల నాలుగు ముక్కలు వేశారు.

ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తన చేతిరాతతో తన అడ్రసే. అక్కకు నవ్వు ఆగలేదు. చాలా కాలానికి వచ్చిన నవ్వు. పోస్టుమాన్ రోడ్డు దాటి ఎదురు దుకాణంలోకి వెళ్ళడం చూసింది గాని పట్టించుకోలేదు. కత్తెరతో అంచు కత్తిరించి, కార్డును రెండు వేళ్ళతో బయటికి లాగింది.

నీలం సముద్రం ఉంది. తెల్లటి స్తంభం ఉంది. మూల మీద స్టాంపు లేదు.

స్టాంపు ఉండాల్సిన చోట నలుచదరంగా వట్టి కాగితం. దాని అంచు దాకా వచ్చి, కత్తితో కోసినట్టు ఆగిపోయిన ముద్ర. వంపు తిరిగిన గీత, దాని లోపల స్తంభం కింది సగం, రాళ్ళు, అలలు. ఎంత స్పష్టంగా పడిందంటే అలల మీద నురుగు కూడా లెక్కపెట్టవచ్చు. స్తంభం పై సగమూ, దీపమూ లేవు. కార్డుతో పాటు ఒక ఉత్తరం ఉంది.

"అమ్మా, మీ కార్డు అందింది. నాకు చేతనైనంత శ్రద్ధగా ముద్ర వేశాను. వేశాక మిగతా టపా విప్పితే మీ ఉత్తరమూ, మరో అమ్మగారి ఉత్తరమూ కనబడ్డాయి. కార్డు మీ సొంతమని మీరు రాశారు. స్టాంపు తనదని, తనకే పంపమని ఆవిడ రాశారు. ఎవరినీ నమ్మవద్దని ఇద్దరూ రాశారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. రేపటికి ఈ ఆఫీసు ఉండదు, మిమ్మల్ని అడిగి తెలుసుకునే వ్యవధి లేదు. పరుల సొత్తు ఎవరిది ఎవరికో ఇచ్చి ఉద్యోగం ముగించడం నాకు ఇష్టం లేదు. అందుకని స్టాంపును వేడి ఆవిరి మీద పట్టి, ఎక్కడా చిరగకుండా ఊడదీసి, ఎవరిది వారికి పంపుతున్నాను. ఒక్క మాట. ఇన్నేళ్ళలో ఇంత చక్కటి ముద్ర నా చేతిలో ఎప్పుడూ పడలేదు. ఊడదీసే ముందు కాసేపు కిటికీ దగ్గర పెట్టుకుని చూసుకున్నాను."

అక్క కళ్ళు రోడ్డు అవతలికి వెళ్ళాయి. చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కవరు, ఇంకో చేతి వేళ్ళ మధ్య గోరంత కాగితం. మొహంలో నెత్తురు చుక్క లేదు.

కాళ్ళు ఎలా తీసుకెళ్ళాయో తెలియదు, అక్క రోడ్డు దాటింది. ఒక స్కూటరువాడు తిట్టుకుంటూ తప్పించుకుపోయాడు.

"నువ్వు రాశావా?" అంది. ఆ ఫ్రేము గొడవ తరవాత చెల్లెలితో నేరుగా అన్న మొదటి మాట అది.

"నువ్వు రాయలేదా?"

"నేను రాస్తే కారణం ఉంది. ఆయనకి ఊరికే జిరాక్సులు తీసిపెట్టి బుట్టలో వేసుకున్నావు నువ్వు!"

"కళ్ళజోడు పెట్టె బాగుచేసి పెట్టింది ఎవరు? నేను చూడలేదనుకున్నావా?"

"అది సాయం."

"ఓహో. నీది సాయం, నాది మోసం. పుట్టినప్పట్నించీ ఇదే కదా నీ పాట. నాన్నకి నువ్వొక్కదానివే పుట్టినట్టు మాట్లాడతావు."

"నేను చేసిన దాంట్లో పావువంతు చేశావా నువ్వు? వచ్చి నవ్వించి పోవడం ఎవరికైనా వచ్చు."

"నీకొచ్చా?" అంది చెల్లెలు.

అక్క చెయ్యి లేచింది. చెల్లెలి చెంపకు జానెడు దూరంలో ఆగింది. ఎవరో మధ్యలో వచ్చి పడ్డారు. పట్టకారు. ఆయన చేతిలోనూ ఒక కవరుంది, సంఘం అడ్రసుది. దాంట్లో కార్డు లేదు, క్షమించమని పోస్టుమాస్టరు రాసిన రెండు ముక్కలు మాత్రమే ఉన్నాయి. ఎప్పుడూ నవ్వే మనిషి కోపంతో వణికిపోతున్నాడు.

"ఇలా ఇవ్వండి" అన్నాడు. "ఇద్దరూ ఇవ్వండి. నోరెత్తకండి."

దుకాణం లోపలికి వెళ్ళి, జిరాక్సు మిషను మూత మీద కార్డు పెట్టాడు. పట్టకారుతో స్టాంపును పట్టి, ఆ వట్టి నలుచదరం మీదికి తెచ్చి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, వదిలాడు. గీతకు గీత అందింది. స్తంభం నిలబడింది. పైన దీపం, దీపం లోంచి నాలుగు కిరణాలు, చుట్టూ వలయంలో ఆ చోటి పేరు, ఆఖరి తేదీ. నాన్న రెండుసార్లు పంపి, రెండుసార్లు పోగొట్టుకుని, మంచం మీద కూడా తలచుకున్న ముద్ర అది. ముగ్గురూ వంగి చూశారు. ఫ్యాను తగిలి స్టాంపు కొంచెం కదిలితే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి అరచేతులు అడ్డుపెట్టారు.

"ఇది ఇక గోడెక్కదు" అన్నాడు పట్టకారు. గొంతులో కోపం పోయి ఏడుపు వచ్చింది. "ఊడదీసి అతికించింది మా సంఘంలో దొంగసరుకు కింద లెక్క. ఎంత బతిమాలినా ఒప్పుకోరు. ఆయన పేరు అక్కడ ఉండదు, అది అయిపోయింది. కానీ ఇంట్లో గోడకి సంఘం లేదు, రూల్సు లేవు. మీ ఇద్దరిలో ఎవరో ఒకళ్ళు రెండోవాళ్ళతో ఇది నువ్వే ఉంచుకో అని అంటే, ఇప్పుడే, ఇక్కడే అంటిస్తాను. నాన్నగారి పన్నెండూ ఒక చోట ఉంటాయి. ఎవరంటారు?"

మిషను మూత కింద ఏదో వేడిగా బుసకొడుతోంది.

ఇచ్చెయ్యాలంటే ఇచ్చెయ్యవచ్చు. అక్కకు ఆ సంగతి ఎంత బాగా తెలుసో! "ఇంద" అంటే చాలు. రెండక్షరాలు. నాలుక దాకా వచ్చింది ఆ మాట. నాన్నకు స్తంభం నిలబడుతుంది, దీపం వెలుగుతుంది. కానీ ఆ మాట వెనకే, గుమ్మం వైపు తిరిగిన నాన్న మొహం వచ్చింది. "చిన్నది వచ్చిందా?" ఎంత చేసినా ఆఖరికి చిన్నదానికే. ఇది కూడానా?

ముందు అదే అననీ, అనుకుంది అక్క. చెల్లెలి మొహం చూసింది. చెల్లెలు తన మొహమే చూస్తోంది, అదే కాచుకుని. ఆ కళ్ళు నాన్న కళ్ళే. పెదవి కొంచెం వణికింది కూడా. ఇంకొక్క క్షణం ఆగితే అనేసేదేమో. ఆగడానికి అక్కకు భయం వేసింది. చెల్లెలే ముందు అంటే, ఆ మంచితనం కూడా దానిదే అవుతుంది.

చెయ్యి చాచి కార్డు లాక్కుంది.

స్టాంపు జారి మిషను మీద నుంచి కింద పడింది. చెల్లెలు మోకాళ్ళ మీద కూలబడి, కాగితం ముక్కల మధ్య వెతుక్కోవడం మొదలుపెట్టింది. పట్టకారు కూడా కింద కూర్చున్నాడు. అక్క గుమ్మంలో ఒక్క క్షణం నిలబడింది. స్టాంపు ఎక్కడ పడిందో ఆవిడ చూసింది. బల్ల కాలి పక్కనే ఉంది. చెప్పలేదు. రోడ్డు దాటి తన దుకాణంలోకి వెళ్ళి, సగం స్తంభాన్ని గుండెకు అదుముకుని, ఏడుపు వినబడకుండా షట్టరు దించేసింది.